పాము నడవాల్సిన చీకటి

చిత్తూరు గిరింపేట వైపు ఉన్న సభ హాలులోకి రూపశ్రీ లైట్లను నడిపే మీటలున్న తన కన్సోల్ మోసుకుని వచ్చేసరికి, వెనక వరసలోని బల్ల మీద అప్పటికే ఇంకో కన్సోల్ ఉంది. దాని మీద ఉతికి మడత పెట్టిన తెల్ల తువ్వాలు కప్పి ఉంది. పక్క కుర్చీలో, నుదుట సన్నటి శ్రీచూర్ణం గీతతో, సంపత్కుమార్ కూర్చుని ఉన్నాడు.

ఆయన తిరుపతిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. చెల్లెలు రంగప్రియ తిరుపతిలోనే నాట్యం నేర్పుతుంది. ఆమె మొదటి ప్రదర్శన నుంచి ఇప్పటిదాకా లైట్లు వేసింది ఆయనే. కానీ ఈసారి నాటకం పెద్దది. సాలెపురుగూ పామూ ఏనుగూ శివుణ్ణి కొలిచిన శ్రీకాళహస్తి కథ. అటూ ఇటూ తిరిగే కొత్త రకం లైట్లు కావాలని రంగప్రియ శిష్యురాలు కమలిని పట్టుబట్టి రూపశ్రీని పిలిపించింది. రూపశ్రీది ఐరాల దగ్గర పల్లె. మద్రాసులో స్టేజి లైట్ల కంపెనీలో కొన్నేళ్ళు చేసి, ఈ మధ్యనే సొంతంగా సామాను కొనుక్కుని ఇటు తిరిగి వచ్చింది.

“నువ్వేనా లైట్లకు వచ్చిన పాప?” అన్నాడు సంపత్కుమార్.

“అవును సార్. కమలిని అక్క పిలిచింది.”

“మంచిది. నీది ఈ పక్కన పెట్టుకో. నాది తీసేది లేదు. రంగ ఆడినప్పుడు నేను ఈ కుర్చీలో లేని రోజు లేదు.”

ఒక స్టేజీకి ఇద్దరు లైట్లు వేయడం రూపశ్రీకి నచ్చదు. అయినా పెద్దాయనతో పొద్దున్నే వాదన ఎందుకని, సంచిలోంచి చిన్న ఇనప పెట్టె ఒకటి తీసింది. రెండు కన్సోళ్ళ కేబుళ్ళూ అందులోకి పోతాయి. అందులోంచి ఒకే కేబుల్ లైట్ల దగ్గరికి పోతుంది. రెండు కన్సోళ్ళూ ఒకే లైటుకు రెండు రకాలుగా చెబితే, ఎవరి మాట నెగ్గాలో ఆ పెట్టె తేలుస్తుంది.

“ఎట్ల తేలుస్తాది?” అన్నాడాయన, కళ్ళజోడు సవరించుకుంటూ.

“వెలుతురు వరకైతే ఎవరు ఎక్కువ చెప్తే వాళ్ళ మాట సార్. మీరు డెబ్బై పెట్టి నేను ముప్పై పెడితే డెబ్బై వెలుగుతాది. నేను సున్నా పెట్టినా డెబ్బైయ్యే.”

“అంటే పెంచేదానికి ఇద్దరికీ హక్కుండాది. తగ్గించాలంటే ఇద్దరూ ఒప్పుకోవాల.”

“అంతే సార్. తిరిగే లైట్లకు అట్ల కాదు. ఎడమకు తిరగాల్నా కుడికి తిరగాల్నా అనేదాంట్లో ఎక్కువేముంది, తక్కువేముంది? అందుకని వాటికి కడాన ఎవరు చెప్తే వాళ్ళ మాట.”

సంపత్కుమార్ తల ఊపి, పరీక్షగా తన కన్సోల్ మీద ఒక మీట కదిపాడు. పైనున్న లైటు ఎడమకు తిరిగింది. రూపశ్రీ దాన్ని మళ్ళీ మధ్యకు తెచ్చింది. ఆయన మళ్ళీ తిప్పాడు. నిచ్చెన మీద ఆ లైటునే బిగిస్తున్న హాలు ఎలక్ట్రీషియన్ మునిచంద్ర కిందికి చూశాడు.

“సామీ, మీరో ఆ పాపో ఒకరే తిప్పండబ్బా. దీనికేమో గానీ నాకు తల తిరగతా ఉండాది.”

ముగ్గురూ నవ్వారు. రూపశ్రీకి ఆ పెద్దాయన మీద ఉన్న బెరుకు అక్కడితో పోయింది.

మధ్యాహ్నం రిహార్సల్ మొదలైంది. కిటికీలకు నల్ల పరదాలు కట్టి తలుపులు మూసేశారు. పాము వేషం రంగప్రియది, ఏనుగు వేషం కమలినిది. పాము మణులు తెచ్చి లింగాన్ని అలంకరించి పోతుంది. ఏనుగు వచ్చి, ఈ రాళ్ళెవరు పెట్టారని తోసేసి, తొండంతో నీళ్ళు పోసి మారేడు ఆకులు కప్పుతుంది. పాము తిరిగి వచ్చి ఆ ఆకుల్ని చూసి రగిలిపోతుంది. యాభై ఎనిమిదేళ్ళ రంగప్రియ వెన్ను వంపులోనూ మెడ విసురులోనూ ఆ కోపం చూసి, రూపశ్రీ తన చేతి కింద మీటలున్న సంగతి కాసేపు మరిచిపోయింది.

కడపటి ఘట్టంలో పాము ఏనుగు తొండంలో దూరుతుంది. ఏనుగు తల బండకు కొట్టుకుంటుంది. రెండూ ప్రాణాలు విడుస్తాయి. అప్పుడు స్టేజీ మొత్తం చీకటి కావాలి. మృదంగం ఒక్కటే మెల్లగా మోగుతుంటే, ఆ చీకట్లో పాము ఎడమ పక్క నుంచి నడిచి లింగం దగ్గరికి చేరాలి. వెలుతురు వచ్చేసరికి దాని పడగ లింగం మీద గొడుగులా నిలిచి ఉండాలి. ‘పాము వచ్చింది ఎవరికీ కనపడకూడదు. ఉన్నట్టుండి ఆడ ఉండాల,’ అని రంగప్రియ మొదటి రోజే రూపశ్రీకి ఫోన్లో చెప్పింది.

రూపశ్రీ అన్నిటినీ ఆర్పేసింది. కానీ చీకటి కాలేదు. ఎడమ పక్కన, నేల మీద, పసుపు నీళ్ళు చల్లినట్టు పల్చటి వెలుతురు మిగిలింది. పాము నడిచి రావడం స్పష్టంగా కనిపించింది.

ఆమె తన కన్సోల్ చూసుకుంది. అన్నీ సున్నాలోనే ఉన్నాయి.

“పాత హాలు కదమ్మా,” అన్నాడు సంపత్కుమార్, స్టేజీ వైపే చూస్తూ. “కొన్ని లైట్లు పూర్తిగా ఆరవు. చూసేవాళ్ళకి అదేమీ తెలీదులే.”

రూపశ్రీ మునిచంద్రను పిలిచి స్టేజీ వెనక, వెలుతురు పెంచి తగ్గించే డిమ్మర్లు చూపించుకుంది. వాటిలో తప్పేమీ లేదు. కేబుల్ మార్చి చూసింది. ఆ పసుపు మరక పోలేదు. పెద్దాయన కన్సోల్ వైపు చూస్తే, మీటల మీద తువ్వాలు సగం పరిచి ఉంది. దాని కింద ఏముందో ఎత్తి చూడటానికి ఆమెకు మనసొప్పలేదు.

సాయంత్రం కడపటి ఘట్టం మళ్ళీ మొదలుపెట్టే ముందు ఆయన కాఫీ తెస్తానని బయటికి వెళ్ళాడు. రూపశ్రీ కాసేపు ఆలోచించింది. ఇనప పెట్టెలోంచి ఆయన కేబుల్ పీకి పక్కన పెట్టింది. చీకటి ఘట్టం వచ్చింది. మీట దించింది.

ఈసారి హాలంతా నిజంగా చీకటైంది. తన చెయ్యి తనకు కనిపించనంత చీకటి. రూపశ్రీకి తృప్తిగా అనిపించింది. మృదంగం మోగుతోంది. గజ్జెల చప్పుడు మెల్లగా మొదలై, తడబడి, ఆగిపోయింది. నడవడానికి పట్టే సమయం అయిపోగానే ఆమె లింగం మీద వెలుతురు తెచ్చింది.

లింగం దగ్గర పాము లేదు.

రంగప్రియ స్టేజీ అంచున ఉంది. వీపు లింగం వైపు తిరిగి ఉంది. పడగలా ఎత్తాల్సిన చేతులు రెండూ గోడను వెతుకుతున్నట్టు ముందుకు చాచి ఉన్నాయి. ఇంకో అడుగు వేస్తే కింద పడేది.

రూపశ్రీ గబగబా అన్ని లైట్లూ వేసేసింది. కమలిని పరుగెత్తి వచ్చి గురువు చెయ్యి పట్టుకుంది. రంగప్రియ ఆ చెయ్యి విడిపించుకుని, “లెక్క తప్పినాను, అంతే. మీరంతా పోయి టిఫిన్ తినండి,” అని నవ్వింది. పిల్లలు గుసగుసలాడుకుంటూ బయటికి పోయారు.

సంపత్కుమార్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు కాఫీ గ్లాసులు. ఒకటి రూపశ్రీకి తెచ్చినది. రెండూ సగం ఒలికిపోయి ఆయన పంచె మీద మరకలయ్యాయి. బల్ల దగ్గరికి వచ్చి పీకేసిన కేబుల్ చూశాడు.

“నాకు చెప్పకుండా ఎందుకు పీకినావమ్మా?” గొంతు పెంచలేదు.

“మీరు నాకు చెప్పకుండా ఎందుకు పెట్టినారు సార్ ఆ లైటు?”

ఆయన జవాబు చెప్పేలోపే రంగప్రియ స్టేజీ దిగి, కుర్చీల వీపుల మీద ఒక్కొక్కదాన్నే చెయ్యి ఆనించుకుంటూ వాళ్ళ దగ్గరికి వచ్చింది.

“పాపా, ఇప్పుడేం మార్చినావు? ముందు ఇట్ల లేదే. నాకు దోవ కనపడేది.”

రూపశ్రీ పెద్దాయన వైపు చూసింది. ఆయన తువ్వాలు తీసి మడతపెట్టాడు. దాని కింద ఒకటో నంబరు మీట కొంచెం పైకి ఎత్తి ఉంది.

“అది నేను పెట్టినాను రంగా. ఎడమ పక్క పసుపు లైటు.”

“ఈ నాటకానికా?”

“అన్నిటికీ. డాక్టరు చెప్పినప్పటి నించి.”

రంగప్రియ కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది. తర్వాత రూపశ్రీ వైపు తిరిగింది. “నాకు రేచీకటి పాపా. కళ్ళ లోపలి పొర కొంచెం కొంచెంగా పోతా ఉండాది. మందు లేదన్నారు. పిల్లలకు తెలీదు. అన్నకొక్కడికే చెప్పినాను. స్టేజీ మీద నాకోసం ఏ లైటూ వద్దు, అడుగులు నా కాళ్ళకు తెలుసు అని కూడా చెప్పినాను. సరే అన్నాడు.”

“పడతావని భయమేసింది,” అన్నాడు సంపత్కుమార్.

“పడితే నేను పడతాను కదా అన్నా.” ఆమె కుర్చీలో కూర్చుంది. కోపం కన్నా ఇంకేదో ఆమె ముఖంలో కనిపించింది. “పోయిన సంవత్సరం శ్రీకాళహస్తిలో ఆడినప్పుడు, లైట్లన్నీ ఆరినాక కూడా నాకు స్టేజీ అంచు కనపడింది. ఎంత సంతోషపడినానో నీకు తెలుసా? డాక్టరు చెప్పినంత తొందరగా పోలేదులే, ఇంకా కొన్నేండ్లుండాది అనుకున్నాను. ఆ ధైర్యంతోనే మళ్ళీ ఆస్పత్రికి పోలేదు. ఆ కనపడిందంతా నువ్వు పెట్టిన లైటా?”

లైటు పెడితే ఆమె పడదని తెలుసు గానీ, ఆ వెలుతురులో ఆమె తన చూపును కొలుచుకుంటుందని సంపత్కుమార్‌కు ఎన్నడూ తోచలేదు. వంగి తన కన్సోల్ ప్లగ్గు తీయబోయాడు. “నేను ఇంటికి పోతానులే. ఈ పాపే చూసుకుంటాది.”

“కూర్చో అన్నా,” అంది రంగప్రియ. “నిన్ను పొమ్మన్నానా?”

బయట పిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి. మునిచంద్ర ఎక్కడో సుత్తితో కొడుతున్నాడు. రూపశ్రీకి తన మీద తనకే కోపంగా ఉంది. అడిగి పీకి ఉంటే సరిపోయేది.

“ఆ పసుపు లైటు ఉంచేద్దాం మేడమ్. దాన్ని వెన్నెలలాగా మారుస్తాను. చూసేవాళ్ళకు బాగానే ఉంటాది.”

“వద్దు. చచ్చిపోయిన పాము దేవుడి దగ్గరికి పోయే దోవ అది. వెన్నెల్లో షికారు కాదు.” రంగప్రియ తల అడ్డంగా ఊపింది. “చీకటే కావాల. ఎట్ల నడవాల్నో అది చెప్పండి ఇద్దరూ.”

రూపశ్రీ ఆమె పాదాల వైపు చూసింది. పారాణి పెట్టిన ఉత్త పాదాలు, కట్టిన గజ్జెలు. అప్పుడు తోచింది ఆమెకు. “కళ్ళకు కనపడాల్సిన పనిలేదు మేడమ్. కాళ్ళకు తెలిస్తే చాలు. నేల మీద పరిచే నల్లగుడ్డ కింద సన్నటి తాడు ఒకటి బిగించి అంటిస్తాం. ఎడమ పక్క నించి లింగం దాకా. పాదం కింద తగులుతా ఉంటాది.”

“తాడా!” రంగప్రియ మొదటిసారి నిజంగా నవ్వింది. “పాముకు తాడు దోవ చూపించాల్నా!”

మునిచంద్ర తెరలు కట్టే కొబ్బరి తాడు తెచ్చాడు. అది మరీ లావుగా ఉందని రంగప్రియ కాలితో తొక్కి చెప్పింది. రెండోసారి పురికొస మెలిపెట్టి తెచ్చాడు. అది సరిపోయింది. నల్లగుడ్డ ఎత్తి, టేపుతో అంటించి, మళ్ళీ గుడ్డ పరిచారు. సంపత్కుమార్ పంచె ఎగ్గట్టి మోకాళ్ళ మీద కూర్చుని, టేపు లేచిన చోటల్లా అరచేత్తో అదిమాడు.

“నీ మీట కూడా ఉండనీ అన్నా,” అంది రంగప్రియ, పైనుంచి చూస్తూ. “కానీ కిందికి దించి ఉంచు. నేను దోవ తప్పితే రెండుసార్లు గట్టిగా అడుగు కొడతాను. అప్పుడు వెయ్యి. కొట్టకపోతే వెయ్యొద్దు. ఈసారి నాకిచ్చిన మాట మాటగా ఉండాల.”

“ఒకసారి సార్ మీట పైకెత్తితే నేను నా పక్క నించి తగ్గించలేను మేడమ్,” అంది రూపశ్రీ. “అది పూర్తిగా ఆయన చేతిలోనే.”

“తెలుసు. అందుకే అంటా ఉండాను.”

మర్నాడు, ఆదివారం పొద్దున మళ్ళీ చీకటి చేసి నడిపించి చూశారు. మొదటిసారి రంగప్రియ మధ్యలో తాడు విడిచిపెట్టి పక్కకు పోయింది. ఆగి, రెండుసార్లు అడుగు కొట్టింది. వెంటనే పసుపు వెలుతురు వచ్చింది. రెండోసారి సరిగ్గా చేరుకుంది. ఆ తర్వాత ఇంకా నెమ్మదిగా, గజ్జెలు మోగీ మోగనట్టు చేరుకుంది.

ఆ సాయంత్రం ప్రదర్శనకు హాలు నిండిపోయింది. ముందు వరసల్లో ముసలివాళ్ళు, వెనక పిల్లల తల్లిదండ్రులు. సంపత్కుమార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, తన కుర్చీలో కూర్చుని, చూపుడు వేలు ఒకటో నంబరు మీట పక్కన పెట్టుకున్నాడు. పామూ ఏనుగూ పోట్లాడుకుంటుంటే జనం చప్పట్లు కొట్టారు. ఏనుగు తల బండకు మోదింది. రూపశ్రీ మీట దించింది.

హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. మృదంగం నెమ్మదిగా అందుకుంది. దాని వెనకే గజ్జెల చప్పుడు, ఎడమ నుంచి మధ్యకు. మధ్యకు వచ్చి ఆగిపోయింది.

రూపశ్రీ చెయ్యి మీట మీదే ఉంచింది. పక్కన పెద్దాయన కుర్చీ కిర్రుమంది. వెలుతురు తేవాల్సిన చోటు వచ్చింది, దాటింది. ఆమె తేలేదు. స్టేజీ పక్కనున్న మృదంగం వాయించేవాడు ఏం అర్థం చేసుకున్నాడో, అదే దరువు మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. అడుగు కొట్టిన చప్పుడు రాలేదు. ఆ చీకట్లో అరవైకి దగ్గరైన ఒక ఆడమనిషి కాలివేళ్ళతో తాడును వెతుక్కుంటోందని ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో ఇద్దరికే తెలుసు.

సంపత్కుమార్ తన వేలిని మీట పక్కనుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

ఒక మువ్వ కదిలింది. తర్వాత ఇంకొకటి. చప్పుడు కుడి వైపుకు జరిగి, కిందికి వంగి, నిలిచింది.

రూపశ్రీ వెలుతురు తెచ్చింది. లింగం మీద పడగ విప్పి పాము ఉంది. సరిగ్గా మధ్యలో కాదు, కొంచెం ఒక పక్కకు. ముఖం సగం నీడలో ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. ముందు వరసలో ఎవరో పెద్దావిడ “శివా” అంది. తర్వాత చప్పట్లు మొదలై చాలాసేపు ఆగలేదు.

సంపత్కుమార్ కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. అవే తుడుస్తూ కూర్చున్నాడు.

వేషం తీసేసే గదిలో రంగప్రియ పిల్లలందరినీ కూర్చోబెట్టి తన కళ్ళ సంగతి తానే చెప్పింది. కమలిని ఏనుగు కిరీటం తలమీద ఉండగానే ఏడ్చేసింది. “మాకు ముందే చెప్పుంటే మేము చూసుకునేవాళ్ళం కదా అక్కా.”

“చెప్పుంటే మీరు కూడా తలా ఒక లైటు పెట్టేవాళ్ళు,” అంది రంగప్రియ, ఆ పిల్ల కిరీటం తీసి పక్కన పెడుతూ. “నేను అడిగినప్పుడు పెడుదురు. అడిగేది నేర్చుకుంటాను. కొంచెం టైమివ్వండి.”

హాలు ఖాళీ అయ్యాక రూపశ్రీ, మునిచంద్ర సామాను వ్యాన్లోకి ఎక్కిస్తున్నారు. వీధి దీపం ఒకటి వెలగడం లేదు. గుమ్మం ముందు మసక మసకగా ఉంది. రంగప్రియ పూలదండ చేతికి చుట్టుకుని వచ్చి గడప మీద ఆగింది. సంపత్కుమార్ ఆమెకు ఒక అడుగు వెనక ఉన్నాడు. జేబులో టార్చి ఉన్న ఫోను ఉంది. చెయ్యి జేబు దాకా పోయింది గానీ ఫోను బయటికి తీయలేదు. ఊరికే నిలబడ్డాడు.

“అన్నా, మెట్లు యాడ మొదలైతాయి?”

“నీ కుడి కాలి ముందరే.”

“చెయ్యియ్యి.”

ఆయన ఇచ్చాడు. ఇద్దరూ మెల్లగా దిగి కారు దాకా వెళ్ళారు. కారు ఎక్కబోతూ ఆమె అంది, “ఈ వారంలో ఆస్పత్రికి పోదాం. ఈసారి నువ్వు కూడా లోపలికి రా. డాక్టరు చెప్పేది ఇద్దరం విందాం.”

“వస్తాను,” అన్నాడు సంపత్కుమార్. కారు తలుపు పట్టుకుని, రూపశ్రీ వైపు తిరిగి గట్టిగా కేక వేశాడు. “పాపా, వచ్చే నెల సత్యవేడులో ఇదే నాటకం ఉండాది. నువ్వు రావాల. తాడు మాత్రం నేనే తెస్తాను.”